గుద్దిన నంబరు, పోసిన తేదీ

1964 పాంటియాక్ జీటీఓ చాసిస్ నంబరును ఎంతసేపు చదివినా అది జీటీఓ అన్న సంగతి బయటపడదు. ఎనిమిది సిలిండర్ల లెమాన్స్ అని మాత్రమే తెలుస్తుంది. దీని వెనక కంపెనీ లోపలి ఎత్తుగడ ఒకటుంది. మధ్యరకం బళ్ళలో 330 ఘనపు అంగుళాలకు మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ అప్పట్లో తన శాఖలకు నియమం పెట్టింది. పాంటియాక్ చీఫ్ ఇంజనీరు జాన్ డెలోరియన్ బృందం 389 ఇంజన్‌ను కొత్త మోడల్ అని ప్రకటించకుండా, లెమాన్స్ కొనేవాళ్ళు 300 డాలర్ల లోపు అదనంగా కట్టి తీసుకునే ఆప్షన్‌గా జాబితాలో చేర్చేసింది. నియమం చెక్కుచెదరలేదు, బళ్ళు మాత్రం ఆ ఏడాది 32 వేలకు పైగా అమ్ముడుపోయాయి. జీటీఓకు సొంత సిరీస్ నంబరు దక్కింది 1966లో. అంటే మొదటి రెండేళ్ళ జీటీఓకూ మామూలు లెమాన్స్‌కూ మధ్య ఉన్నది ఆర్డరు కాగితం మీద ఒక టిక్కు, ఆ టిక్కు వల్ల బిగించిన కొన్ని పార్టులు. పాత అమెరికన్ బళ్ళను బాగుచేసేవాళ్ళు ‘సరైన పార్టు’ కోసం అంతగా కొట్టుకోవడానికి మూలం ఇక్కడుంది. ఆ సరైనతనం కేటలాగులో గానీ, పార్టు రూపంలో గానీ దొరుకుతుందని చాలామంది నమ్మకం. నా వాదన వేరు. ఫలానా పార్టు ఫలానా రోజుకి ఫలానా ఫ్యాక్టరీ లైను మీదికి వచ్చి ఉండగలదా అన్నదే అసలు ప్రశ్న. రాజు పేరు ఒక్కటి చూసి శాసనం కాలం తేల్చేవాడు ఎంత తొందరపడ్డట్టో, పార్టు నంబరు ఒక్కటి చూసి బండి చరిత్ర తేల్చేవాడూ అంత తొందరపడ్డట్టే.

ఫోర్డ్ మోడల్ టీ రోజుల్లో ఈ తగువు ఇంత ముదరలేదు. 1908 నుంచి 1927 దాకా కోటీ యాభై లక్షల బళ్ళు తయారైతే, వాటిలో ఎక్కువ భాగానికి రంగు కూడా ఒకటే. (మోడల్ టీ అంటే ఎప్పుడూ నలుపే అనుకోవడం పొరపాటు. నలుపు ఒక్కటే ఉన్న కాలం 1914 నుంచి 1925 వరకు. అంతకుముందు ఎరుపు, బూడిద, ఆకుపచ్చ, నీలం బళ్ళున్నాయి.) జనరల్ మోటార్స్‌లో ఆల్‌ఫ్రెడ్ స్లోన్ ఏటేటా మోడల్ మార్చే పద్ధతి తెచ్చాక, 1927లో హార్లీ ఎర్ల్ కింద రూపకల్పనకే ఒక విభాగం పెట్టాక, కొనేవాడి ముందు ఎంపికలు పెరుగుతూ పోయాయి. ఇది పరాకాష్ఠకు చేరింది 1960ల్లో. 1964 ఏప్రిల్ 17న విడుదలైన ఫోర్డ్ మస్టాంగ్ ధర 2,368 డాలర్లు. ఆ డబ్బుకి వచ్చేది ఆరు సిలిండర్ల సాదా బండి. మిగతా సోకంతా ఆప్షన్ల జాబితాలో ఉండేది. పైగా ఫ్యాక్టరీ ఏడాది మధ్యలోనే పార్టులు మార్చేది. మొదటి నెలల మస్టాంగులకు బ్యాటరీ ఛార్జి చేసేది జనరేటరు, 1964 వేసవి దాటాక వచ్చిన వాటికి ఆల్టర్నేటరు. కంపెనీ కాగితాల్లో రెండూ 1965 మోడలే. జూన్‌లో తయారైన బండికి ఆల్టర్నేటరు తప్పు, నవంబరు బండికి జనరేటరు తప్పు. ‘65 మస్టాంగ్‌కి ఏ పార్టు వేయాలి’ అని అడిగితే ఏ నెలది అని ఎదురు ప్రశ్న రాక తప్పదు.

ఆ నెలను ఇనుమే చెబుతుంది, చదవడం తెలిస్తే. 1967 షెవర్లే కమారో జడ్28 సంగతి చూద్దాం. ఆ ఏడాది వచ్చినవి 602. ఇదీ ఆప్షనే కాబట్టి చాసిస్ నంబరు నోరు విప్పదు. ఇంజన్ బ్లాకు వెనక అంచున పోతలోనే ఉబ్బెత్తుగా ఒక అక్షరం, రెండు అంకెలు, మళ్ళీ ఒక అంకె ఉంటాయి. ఏ అంటే జనవరి, ఎల్ అంటే డిసెంబరు. ‘సి 14 7’ అంటే మార్చి 14, 7తో ముగిసే సంవత్సరం. అది 57వ సంవత్సరమా, 67వదా అన్నది పక్కనున్న పోత నంబరు తేలుస్తుంది. అయితే పోత నంబరూ, కేటలాగులోని పార్టు నంబరూ ఒకటి కావు. ఒకే పోతను వేర్వేరుగా కోసి, తొలిచి, సాధు కుటుంబపు బండికీ పందెం బండికీ వాడేవాళ్ళు. అందుకే బ్లాకు ముందుకు రావాలి. కుడివైపు హెడ్డును ఆనుకుని వేలెడు వెడల్పున చదునైన చోటు ఉంటుంది. అక్కడ గుద్దిన వరసలో మొదట ప్లాంటు అక్షరం, తర్వాత ఇంజన్ కూర్చిన నెలా తేదీ, చివర అది ఏ బండికి ఏ రూపంలో వెళ్ళాలో చెప్పే రెండక్షరాల కోడు. ఆ ఏటి జడ్28 ఇంజన్లకు అది ఎంఓ లేదా ఎంపీ. ఇక ఇంజన్ గది వెనక గోడ మీద బాడీ ప్లేటు ‘04ఏ’ అంటే ఏప్రిల్ మొదటి వారం. మార్చి 14న పోత, 22న కూర్పు, ఏప్రిల్ మొదట్లో బాడీ: కథ కుదిరింది. అదే ఏప్రిల్ బాడీలో మే నెల పోత బ్లాకు కనిపిస్తే, యజమాని ఎన్ని ప్రమాణాలు చేసినా ఆ ఇంజన్ తర్వాత వచ్చి చేరిందే.

నంబర్లు ఎవరైనా గుద్దుకోవచ్చు కదా అన్నది న్యాయమైన అభ్యంతరమే. గుద్దుతున్నారు కూడా. 2014లో ఒక 1967 కార్వెట్ ఎల్88 వేలంలో 38 లక్షల 50 వేల డాలర్లు పలికింది. అంత డబ్బున్న చోట ఉక్కు అచ్చులు కొనేవాడికి కొదవుండదు. కానీ ఆ చదునైన చోటును ఫ్యాక్టరీలో కోసిన బ్రోచ్ పళ్ళు వెంట్రుకంత సన్నని సమాంతర గీతలు వదిలేవి. రీబోరు సమయంలో బ్లాకు పైముఖం చెక్కితే నంబర్లతో పాటు అవీ పోతాయి. మళ్ళీ గుద్దినవాడి అక్షరాలు చక్కగానే ఉంటాయి, కింద గీతలే ఉండవు. లేదంటే గుండ్రంగా తిరిగిన కట్టరు వంపు గీతలు పట్టిస్తాయి. ఈ గీతల్నీ నకలు చేసేవాళ్ళు ఇప్పుడున్నారన్నది నిజమే. అందుకే ఒక గుర్తు సరిపోదు. పోత తేదీ, ఇంజన్ ముద్ర, కార్బురేటరు మీది తేదీ కోడు, డిస్ట్రిబ్యూటరు పట్టీ, అద్దాల మూల ముద్రలు, అన్నీ కలిసి ఒకే మాట చెప్పాలి.

కాగితం దొరికితే పని తేలికే, కానీ కాగితాల భాగ్యం బళ్ళన్నిటికీ సమంగా లేదు. 1967 నుంచి ఫోర్డ్ తయారీ వివరాలు బండి బండికీ మిగిలాయి. పాంటియాక్ బిల్లులు మిగిలాయి. క్రైస్లర్ లైను మీద పనివాళ్ళ కోసం ముద్రించిన షీటు కొన్నిసార్లు వెనక సీటు స్ప్రింగుల్లో ఇరుక్కుని నేటికీ దొరుకుతోంది, ఎలకలు వదిలిపెడితే. షెవర్లేకు అమెరికాలో అలాంటి దస్త్రం మిగల్లేదు. జనరల్ మోటార్స్ కెనడా మాత్రం తాను అమ్మిన బళ్ళ లెక్క దాచుకుంది. దాంతో ఒకే లైను మీద వెనకా ముందూ దిగిన రెండు షెవెల్లుల్లో, కెనడా వెళ్ళినదాని ఆప్షన్లు రుజువవుతాయి, ఒహాయో వెళ్ళినదానికి ఇనుమే దిక్కు. కాగితం లేదు కాబట్టి నకిలీ అనడమూ, కాగితం ఉంది కాబట్టి ఇక ఇనుము చూడనక్కర్లేదనడమూ రెండూ బద్ధకమే. కాగితం చెప్పేది బండి ఎలా బయల్దేరిందో. ఇప్పుడు దాంట్లో ఉన్న ఇంజన్ అదేనని అది హామీ ఇవ్వదు.

దీనికంటే బలమైన అభ్యంతరం ఇంకొకటుంది. ఫ్యాక్టరీలే సరిగ్గా లేవు, బుట్టలో ఏ బోల్టుంటే అది బిగించారు, రంగు కారింది, ప్రైమర్ చిందింది, అలాంటప్పుడు ‘సరైనది’ అన్న మాటకే అర్థం లేదన్న వాదన. ఫ్యాక్టరీ అజాగ్రత్త నిజమే. అయితే దానికీ హద్దులున్నాయి. జూన్‌లో బోల్టు మారి ఉండొచ్చు గానీ, ఆగస్టులో పోసిన బ్లాకు జూన్ బండిలోకి రాదు. అజాగ్రత్త తీరు కూడా ప్లాంటును బట్టి, ఏడాదిని బట్టి మారుతుంది కాబట్టి అదీ సాక్ష్యమే. ఈ సంగతి తెలిసిన సంఘాలు అతిగా మెరుగుపెట్టిన బండిని తప్పుబట్టడం నేర్చుకున్నాయి. 1974లో పుట్టిన నేషనల్ కార్వెట్ రెస్టోరర్స్ సొసైటీ మార్కులు వేసేది అందానికి కాదు, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పటి పోలికకు. దాని ఫలితంగా తనిఖీదారు ఆనాడు గీసిన సుద్ద గుర్తుల్ని ఇవాళ కొలిచి మరీ గీయిస్తున్నారు. నిర్లక్ష్యాన్ని ఇంత శ్రద్ధగా నకలు చేయడం చూస్తే నవ్వొస్తుంది. కానీ ఆ గుర్తు ఎక్కడ ఉండేదో మనకు తెలిసిందల్లా ఎవరూ ముట్టుకోకుండా మిగిలిన కొద్ది బళ్ళ వల్ల. అలాంటి బండిని కొత్తగా మెరిపించాలని రంగు గీకేసినవాడు తన బండికే కాదు, మిగతా అందరి బళ్ళకూ ఉన్న సాక్ష్యాన్ని చెరిపేస్తున్నాడు.

పుస్తకాన్నే ప్రమాణంగా పట్టుకుంటే ఏమవుతుందో మన దేశానికొచ్చిన ఫోర్డులు చెబుతాయి. బ్రిటన్ మినహా సామ్రాజ్యమంతటా అమ్మే హక్కు ఫోర్డ్ కెనడాది. మన ఫోర్డులు అక్కడివే. అమెరికాలో తయారైన మోడల్ టీ టూరింగ్ బాడీకి చాలా ఏళ్ళు డ్రైవరు పక్క ముందు తలుపు ఉత్తుత్తిదే, రేకు మీద తలుపు ఆకారం అచ్చువేసి ఉంటుంది. కుడి స్టీరింగ్ బళ్ళు కూడా చేయాల్సిన కెనడా వాళ్ళకి రెండు వైపులా తెరుచుకునే తలుపు కావలసివచ్చింది. అమెరికన్ పుస్తకం చేతపట్టిన నిర్ణేత ఈ బండిని చూసి తలుపు తర్వాత కోసి పెట్టారనేస్తాడు. స్వాతంత్ర్యం తర్వాత ప్రీమియర్ ఆటోమొబైల్స్ బొంబాయి కుర్లాలో కూర్చిన డాడ్జ్ కింగ్స్‌వేది ఇలాంటి చిక్కే. పేరు డాడ్జ్, ఒళ్ళు ప్లిమత్. ఎగుమతి కోసం క్రైస్లర్ చేసిన ఏర్పాటు అది. దానికి అమెరికన్ డాడ్జ్ గ్రిల్లు తెచ్చి బిగిస్తే డబ్బు ఖర్చు, చరిత్ర నష్టం.

ఇదే కొలత వారంటీ ఇంజన్లకూ వర్తించాలి. 1960ల చివర షెవర్లే ఇంజన్ వారంటీలో పాడైతే డీలరు కొత్త బ్లాకు వేసేవాడు, దాని మీద ‘సీఈ’ అని గుద్ది ఉండేది. పోటీల్లో ఆ బండి వెనకబడుతుంది, ధర తగ్గుతుంది. అందుకని దాన్ని పీకేసి, తేదీ కుదిరే మరో బండి బ్లాకు వెతికి తెచ్చి, పాత నంబరు గుద్దించుకునేవాళ్ళున్నారు. ఆ బండిలో ఒక్కరోజు కూడా తిరగని ఇంజన్ అది. సీఈ బ్లాకుకి తోడు డీలరు ఇచ్చిన వారంటీ బిల్లు కూడా దొరికిందంటే, నా మార్కులు దానికే.