రహదారి వాహనములలో విమాన ఇంధనము

ఆకాశయానమునకై శుద్ధిచేయబడిన ఇంధనమును కార్లు, మోటారు సైకిళ్లు, లారీలు మున్నగు రహదారి వాహనములలో పోసి నడపు ప్రయత్నము పలు దేశములలో చిరకాలముగా కానవచ్చుచున్నది. విమానమున వాడబడునది కావున మేలైనదై యుండుననియు, మేలైనది కావున తన బండికి అధిక బలమును వేగమును చేకూర్చుననియు సామాన్య చోదకుడు తలంచుట సహజమే. కాని ఇంధనము యొక్క గుణము దానిని దహించు యంత్రమును బట్టి నిర్ణయింపబడునే గాని దానికదే స్వతంత్రముగా నుండదు. ఈ విషయమును విస్మరించినవారి ఇంజనులు చెడుట యొక నష్టము; వారి వాహనముల పొగతో వీధిలోని గాలి విషపూరితమగుట అంతకంటె గొప్ప నష్టము.

విమాన ఇంధనమను ఒక్క పేరుతో మిక్కిలి భిన్నములైన రెండు ద్రవములు వ్యవహరింపబడుచున్నవి. అందు మొదటిదగు ఏవ్‌గ్యాస్ పెట్రోలు జాతికి చెందినది. స్పార్కు ప్లగ్గులతో మండు పిస్టను ఇంజనులు గల చిన్న విమానములును, ఫ్లయింగ్ క్లబ్బులలోని శిక్షణ విమానములును దీనితో నడచును. రెండవదియగు జెట్ ఇంధనము, మన దేశమున ఏటీఎఫ్ అని పిలువబడునది, కిరసనాయిలు జాతికి చెందినది. శంషాబాదు, గన్నవరము, విశాఖపట్టణము వంటి తావులనుండి ఎగురు ప్రయాణికుల విమానములు వాడునది ఇదియే. కావున విమాన ఇంధనము కారునకు పనికివచ్చునా యను ప్రశ్నకు ముందుగా ఏ ఇంధనము, ఏ ఇంజను అని విడదీసికొనక తప్పదు.

ఏవ్‌గ్యాస్‌పై గల మోజునకు మూలము ఆక్టేను సంఖ్య. పెట్రోలు ఇంజనులో పిస్టను పైకి వచ్చునపుడు ఇంధనము, గాలి కలిసిన మిశ్రమము అదుమబడి వేడెక్కును. ప్లగ్గు రవ్వనుండి పుట్టిన మంట క్రమముగా వ్యాపించుచుండగా, దాని ముందున్న మండని భాగము ఆ ఒత్తిడికి తాళలేక ఒక్కసారిగా తనంత తానే అంటుకొన్నచో లోహమును సుత్తితో కొట్టినట్టి శబ్దము వినవచ్చును. దీనినే నాకింగ్ అందురు. ఇది తీవ్రమై కొనసాగినపుడు పిస్టనులు బీటలువారుట, కరగుట వరకు పోవును. ఇట్టి అకాల దహనమును ఇంధనము ఎంతవరకు నిలువరింపగలదో తెలుపునదే ఆక్టేను సంఖ్య. అనగా ఇది ఇంధనమున దాగిన శక్తికి కొలత కాదు, ఓర్పునకు కొలత. కిలోగ్రాము ఏవ్‌గ్యాస్ మండినపుడు వెలువడు ఉష్ణమును కిలోగ్రాము సాధారణ పెట్రోలు మండినపుడు వెలువడు ఉష్ణమును సుమారుగా సమానములే. 91 ఆక్టేనుతో తృప్తిగా నడచుటకు నిర్మింపబడిన ఇంజనులో 100 ఆక్టేను ఇంధనమును పోసినను, ఆ అదనపు ఓర్పును వినియోగించుకొను అమరిక దానియందు లేనందున, బలము పెరుగదు.

మరి ఆక్టేను ఎక్కడ బలమగుచున్నదనగా, దానిని ఆధారముగా గొని ఇంజనులో ఒత్తిడిని పెంచినచోట. 1930ల నడుమ అమెరికాలో షెల్ సంస్థలో పనిచేయుచుండిన జిమ్మీ డూలిటిల్ 100 ఆక్టేను ఇంధనపు తయారీకై పట్టుబట్టెను. 1940లో బ్రిటనుపై జరిగిన వైమానిక సమరమున స్పిట్‌ఫైర్, హరికేన్ విమానముల మెర్లిన్ ఇంజనులలో సూపర్ ఛార్జరు ఒత్తిడిని చదరపు అంగుళమునకు 6¼ పౌండ్లనుండి 12 పౌండ్లకు పెంచగలిగిరన్నచో అది ఆ ఇంధనపు చలువయే. అక్కడనైనను బలమునిచ్చినది పెరిగిన ఒత్తిడి. ఆ పెంపునకు అవకాశము కల్పించినది మాత్రమే ఇంధనము. మోటారు పందెములందును ఇదియే కనబడును. ఫార్ములా వన్ పందెములలో 1957 వరకు మెథనాలు మిశ్రమములు వాడుకలో నుండగా, 1958 నుండి ఏవ్‌గ్యాస్ విధిగా చేయబడెను. మెథనాలు ఆవిరియగుచు ఇంజనును చల్లబరచు గుణమునకు అలవడిన వాన్‌వాల్, బీఆర్ఎమ్ జట్లు తమ ఇంజనులను సవరించుకొనుటకు ఎంతయో శ్రమపడవలసి వచ్చెను. ఇట్లు ఏవ్‌గ్యాస్ పందెపు కార్లకు కొత్త బలమును తెచ్చుటకు మారుగా ఉన్న బలమును కొంత తగ్గించెను.

సంఖ్యలను పోల్చునపుడు మరియొక పొరపాటు జరుగుచుండును. మన పెట్రోలు బంకులలో కనబడు 91, 95 అను అంకెలు రీసెర్చి పద్ధతిపై తీసినవి. ఏవ్‌గ్యాస్ అంకె అంతకంటె కఠినమైన మోటారు పద్ధతిపై ఆధారపడినది. ఒకే పెట్రోలునకు ఈ రెండు పద్ధతులలో వచ్చు అంకెలకు నడుమ సామాన్యముగా 8 నుండి 10 వరకు భేదముండును. కావున వాటిని ప్రక్కప్రక్కన పెట్టి తూచరాదు.

ఇక సీసము సంగతి. దీనినే ఈ విషయమంతటికి ప్రధానముగా ఎంచవలసియున్నది. 1921 డిసెంబరులో జనరల్ మోటార్స్ సంస్థలో పనిచేయుచుండిన థామస్ మిడ్గ్లీ టెట్రా ఇథైల్ లెడ్ అను సీస సమ్మేళనము నాకింగును అణచునని కనుగొనెను. 1923లో దానిని కలిపిన పెట్రోలు అమెరికాలో అమ్మకమునకు వచ్చెను. మరుసటి సంవత్సరమే దాని తయారీలో కార్మికులు విషప్రభావమున మరణించినను, దాని వ్యాపారము దశాబ్దములపాటు ప్రపంచమంతట సాగెను. కార్ల పెట్రోలునుండి సీసము క్రమముగా తొలగింపబడినను విమానపు పెట్రోలులో అది నిలిచిపోయెను. నేడు విరివిగా వాడబడుచున్న నీలివర్ణపు ఏవ్‌గ్యాస్ 100ఎల్ఎల్ పేరునకు అల్పసీసమైనదే గాని, లీటరునకు 0.56 గ్రాముల వరకు సీసమును కలిగియుండవచ్చును. నేటి మన మోటారు పెట్రోలునకు విధింపబడిన పరిమితి లీటరునకు 0.005 గ్రాములు. 40 లీటర్ల ట్యాంకును ఏవ్‌గ్యాస్‌తో నింపిన కారు ఆ ట్యాంకు ఖాళీయగునప్పటికి 22 గ్రాముల వరకు సీసమును లోనికి పుచ్చుకొనును. అందు కొంత ఇంజనులోను పొగగొట్టములోను పేరుకొనగా, తక్కినది వీధిలోనికి వెడలును.

యంత్రమునకు కలుగు హాని శీఘ్రముగనే కనబడును. పొగలోని విషవాయువులను విరిచివేయు క్యాటలిటిక్ కన్వర్టరులో ప్లాటినము, పలేడియము, రోడియము వంటి అమూల్య లోహములు పలుచని పూతగా నుండును. సీసము వాటిని కప్పివేసి నిర్వీర్యములను చేయును. పొగలోని ప్రాణవాయువును కొలిచి ఇంధనపు పాళ్లను సరిచేయు సెన్సరునకును ఇదే గతి. అంతట ఇంజను తన పాళ్లను తానే తప్పును. ఐనను నష్టములలోకెల్ల దుస్సహమైనది మనుష్యులకు, అందును పసిబిడ్డలకు, కలుగునదియే. సీసము మెదడు ఎదుగుదలను కుంటుపరచును. బిడ్డల రక్తములో ఇంత వరకు సీసమున్నను భయము లేదని చెప్పదగిన మోతాదు వైద్యశాస్త్రమునకు తెలియదు. ఆకాశమున ఎగురు కొలది చిన్న విమానములు వదలు సీసమే నేడు ఆందోళన కలిగించుచుండగా, జనము కిక్కిరిసిన బజారులలో తమ కార్ల వెనుకనుండి దానిని వెదజల్లుట ఎంతమాత్రము సమర్థింపదగినది కాదు. భారతదేశమున 1995లో నాలుగు మహానగరములలో సీసరహిత పెట్రోలు ప్రవేశపెట్టబడి, 2000 సంవత్సరమున సీసపు పెట్రోలు దేశమంతట తొలగింపబడెను. 2021లో అల్జీరియా సైతము మానుటతో ప్రపంచమున ఎచ్చటను కార్లకు సీసపు పెట్రోలు అమ్మబడని స్థితి ఏర్పడెను. ఇంత శ్రమపడి సాధించిన దానిని విమానాశ్రయపు ట్యాంకునుండి తిరిగి వీధులకు దింపుట తగదు.

ఏవ్‌గ్యాస్‌నకు కొన్ని సుగుణములును లేకపోలేదు. దానిలో ఇథనాలు ఉండదు, త్వరగా జిగురుగట్టు పదార్థములు స్వల్పము, చిరకాలము నిలువయుండును. కన్వర్టరులు లేని ప్రాచీన కార్లను సేకరించి భద్రపరచువారు కొందరు దానిని మెచ్చుటకు కారణములివే. ఐనను ఆవిరియగు స్వభావము మోటారు పెట్రోలు కంటె సాధారణముగా తక్కువ యగుటచే, చలిదేశములలో ఉదయమున అట్టి బండ్లు అంత సులభముగా అందుకొనవు.

జెట్ ఇంధనపు కథ వేరు. దానిని పెట్రోలు కారులో పోసినచో, కిరసనాయిలు ఆక్టేను మిక్కిలి తక్కువ కావున నాకింగ్ తప్పదు. సరిగా ఆవిరికాక మిగిలినది సిలిండరు గోడలవెంట జారి ఇంజను ఆయిలులో కలిసి దానిని పలుచన చేయును. డీజిలు ఇంజను మాత్రము దానితో నడువగలదు. నాటో సైన్యములు యుద్ధభూమికి పలు రకముల ఇంధనములను మోయు భారము తగ్గించుకొనుటకై, విమానములకును లారీలకును ఒకే కిరసనాయిలు ఇంధనమను విధానమును అవలంబించెను. అందుకై వారు వాడు జేపీ-8లో కందెన గుణమును పెంచు మందులు కలుపబడును. ఏలయనగా డీజిలు పంపులలో పెక్కింటికి కందెన ఆ ఇంధనమే, కిరసనాయిలునకు ఆ గుణము తక్కువ. 1990–91 నాటి గల్ఫు యుద్ధకాలమున ఎడారి వేడిమిలో జెట్ ఇంధనముతో నడచిన కొన్ని అమెరికా సైనిక వాహనముల ఇంజెక్షను పంపులు అరిగి పాడయ్యెను. గంధకము మరియొక అవరోధము. జెట్ ఇంధనమున అది పదిలక్షల పాళ్లలో 3000 వరకు ఉండవచ్చును. 2020 ఏప్రిలు నుండి మన దేశమున అమ్మబడు బీఎస్-6 డీజిలునకు పరిమితి 10 మాత్రమే. నేటి డీజిలు వాహనముల పొగశుద్ధి పరికరములు అంత గంధకమును భరింపజాలవు.

జెట్ ఇంధనము రహదారిపై నిజముగా ఇమిడినది టర్బైను కార్లలోనే. 1963 నుండి క్రైస్లర్ సంస్థ 50 టర్బైను కార్లను సామాన్య కుటుంబములకు పరీక్షార్థము ఎరువిచ్చెను. అవి డీజిలు, కిరసనాయిలు, జెట్ ఇంధనములతో సుఖముగా నడచుచుండగా, ఆనాడు బంకులన్నిటను దొరకు సీసపు పెట్రోలే వాటికి సరిపడకపోయెను. సీసము టర్బైను లోపల పేరుకొని దానిని చెరచుచుండెను. ఆ కార్లలో అత్యధికము తుదకు ధ్వంసము చేయబడెను.

శాసనరీత్యా కూడ ఈ వాడుకకు తావు లేదు. పెక్కు దేశములలో రహదారి పన్ను మోటారు ఇంధనముపైననే చేర్చబడును గనుక విమాన ఇంధనమును కారులో పోయుట పన్ను ఎగవేతయగును. అమెరికాలో 1996 జనవరి నుండి రహదారి వాహనములకు సీసపు పెట్రోలు నిషిద్ధము. మన దేశమున అత్యవసర వస్తువుల చట్టము క్రింద 2005లో వెలువడిన ఉత్తరువు పెట్రోలు, డీజిలుల కల్తీని నిషేధించుచున్నది.

సీసము లేని ఏవ్‌గ్యాస్‌కై అన్వేషణ సాగుచునే యున్నది. 2022 సెప్టెంబరులో అమెరికా విమానయాన శాఖ 100 ఆక్టేను గల సీసరహిత ఇంధనమొకదానిని పిస్టను విమానములకు అనుమతించెను. ఐనను అదే మాసమున మన దేశమున ఇండియన్ ఆయిల్ సంస్థ వడోదరలోని శుద్ధికర్మాగారమున ఉత్పత్తి చేసిన 100ఎల్ఎల్‌ను వెలువరించెను. అంతవరకు మనము దిగుమతిపై ఆధారపడియుంటిమి. సీసరహితమైన ఏవ్‌గ్యాస్ విరివిగా లభించినను అది విమానపు ఇంజనుల అవసరములను బట్టి రూపొందినదే గాని, కార్ల పొగకు విధింపబడిన ప్రమాణములను దృష్టియందుంచుకొని కూర్చబడినది కాదు.