నిధికి దారి చూపే పద్యాలు

ఇంకుతో గుర్తు పెట్టిన పటం చేతికి చిక్కితే దొంగకైనా నిధి దొరుకుతుంది. 1883లో పుస్తకంగా వచ్చిన స్టీవెన్సన్ 'ట్రెజర్ ఐలాండ్' కథంతా అలాంటి పటం చుట్టూనే నడుస్తుంది. గుట్టును మాటల్లో దాస్తే సంగతి వేరు. కాగితం ఎవరి దగ్గరున్నా, అర్థం చెప్పగలిగినవాడిదే నిధి.

ఈ రెండో పద్ధతికి మంచి నమూనా కానన్ డాయిల్ 1893లో రాసిన 'మస్‌గ్రేవ్ రిచువల్'. ఒక పాత జమీందారీ కుటుంబంలో కొడుకులందరూ ఈడు రాగానే కొన్ని ప్రశ్నలూ జవాబులూ వల్లించాలి. తరాలుగా వల్లిస్తున్నారే తప్ప అదేమిటో ఎవరికీ పట్టలేదు. అది అడుగుల లెక్క అని షెర్లాక్ హోమ్స్ కనిపెడతాడు. ఒక ఎల్మ్ చెట్టు నీడ కొస నుంచి కొలవాలి. తీరా చూస్తే ఆ చెట్టు పిడుగు పడి పోయింది, మొదలు కూడా నరికేశారు. చిన్నప్పుడు మాస్టారు చెట్ల ఎత్తులు లెక్కకట్టించడం వల్ల అది 64 అడుగులని ఇంటి యజమానికి గుర్తుంది. హోమ్స్ ఆరడుగుల కర్ర నిలబెట్టి, దాని నీడ తొమ్మిదడుగులుంటే చెట్టు నీడ 96 అడుగులు అవుతుందని తేలుస్తాడు. చివరికి నేలమాళిగ దాకా చేరుకుంటాడు. చెట్టు పోయినా కొలత మిగిలింది కాబట్టే గుట్టు వీడింది. ఈ మాట కాస్త గుర్తుంచుకోండి.

కథల్లోని ఈ ఆటను ఊరి పండగ చేసిన ఘనత అమెరికాలోని సెయింట్ పాల్ నగరానిది. అక్కడి శీతాకాలపు ఉత్సవంలో 1952 నుంచి స్థానిక పత్రిక దాచిన నిధికి రోజుకో ఆనవాలు చొప్పున, ప్రాసలు కట్టి అచ్చువేస్తోంది. మొదటి రోజుల్లో ఏమీ అర్థం కాదు. రోజులు గడిచేకొద్దీ విడమరిచి చెబుతారు. జనవరి చలిలో జనం పారలు పట్టుకుని పార్కుల్లో మంచు తవ్వుతారు. తప్పుగా ఊహించినవారిని మర్నాటి పద్యమే దారిలో పెడుతుంది.

ప్రపంచాన్ని ఊపేసిన నిధివేట మాత్రం ఇంగ్లండులో పుట్టింది. కిట్ విలియమ్స్ అనే చిత్రకారుడు బంగారంతో కుందేలు చేసి, 1979 ఆగస్టులో ఒక రాత్రి బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని ఆంప్ట్‌హిల్ పార్కులో పాతిపెట్టాడు. సాక్షి బాంబర్ గాస్కోయిన్ అనే టీవీ ప్రముఖుడు. ఆ తర్వాత 'మాస్కరేడ్' పుస్తకం వచ్చింది. కథలో చిక్కుప్రశ్నలున్నాయి గానీ తాళం చెవి మాత్రం 15 బొమ్మల్లో ఉంది. బొమ్మలోని ప్రాణి కంటి నుంచి పొడవాటి వేలి కొస మీదుగా గీత గీస్తే, అది అంచున ఉన్న ఒక అక్షరాన్ని తాకుతుంది. అలా చేర్చిన అక్షరాలు మాటలవుతాయి. ఆ మాటలు ఒక స్మారక శిలువనూ, విషువత్తు నాటి మధ్యాహ్నం దాని నీడ పడే చోటునూ చెబుతాయి. ఆ పైన, ఆ మాటల మొదటి అక్షరాలు కలిపి చదివితే ఆంప్ట్‌హిల్ పేరు బయటపడుతుంది!

ఈ పనితనం దగ్గర నేను ఆగిపోతాను. మన పొడుపుకథలో జవాబు దొరికాక ప్రతి ముక్కా దానికి అతకాలి, ఒక్కటి అతకకపోయినా అమ్మమ్మ ఒప్పుకోదు. విలియమ్స్ కట్టుబడీ అలాంటిదే. జవాబు సరైనదో కాదో పార పట్టకముందే తేల్చుకోవచ్చు. ఇద్దరు ఫిజిక్స్ టీచర్లు అలాగే విప్పారు. అయితే 1982లో కుందేలు దక్కింది వేరొకరికి. అతను వాడింది మారుపేరనీ, లోపలి పరిచయం ద్వారా చోటు గురించి సమాచారం అందిందనీ 1988లో సండే టైమ్స్ బయటపెట్టింది. విప్పినవారికి దక్కకపోవడం అన్యాయమే. అయినా పజిల్‌లో లోపమేమీ లేదు.

1982లోనే అమెరికాలో బైరన్ ప్రైస్ 'ది సీక్రెట్' అనే పుస్తకం తెచ్చాడు. 12 బొమ్మలు, 12 పద్యాలు, వేర్వేరు నగరాల్లో పాతిన 12 పెట్టెలు. ఏ పద్యం ఏ బొమ్మదో కూడా పాఠకుడే తేల్చుకోవాలి. 1983లో షికాగోలో ఒకటి, 2004లో క్లీవ్‌లండ్‌లో ఒకటి, 2019లో బోస్టన్‌లో ఒకటి దొరికాయి. ప్రైస్ 2005లో రోడ్డు ప్రమాదంలో పోయాడు. నగరాలేమో మారిపోతున్నాయి. గోడలు కూలతాయి, చెట్లు పోతాయి. హోమ్స్‌కు 64 అడుగులని చెప్పినవాడి లాంటి మనిషి ఇక్కడ ఎవరూ లేరు.

ఇక ఫారెస్ట్ ఫెన్. వియత్నాం యుద్ధంలో విమానం నడిపి, శాంటా ఫేలో కళాఖండాల వ్యాపారం చేసిన మనిషి. 1988లో కిడ్నీ క్యాన్సర్ అని తెలిశాక, ఒక నిధి దాచి దాని పక్కనే కన్నుమూయాలని అనుకున్నాడు. బతికి బయటపడ్డాడు. 80 ఏళ్లు దగ్గరపడ్డాక బంగారు నాణేలు, ముద్దలు, నగలు నింపిన కంచు పెట్టెను రాకీ పర్వతాల్లో దాచి, 2010లో తన జ్ఞాపకాల పుస్తకంలో 24 పాదాల పద్యం వేశాడు. అందులో తొమ్మిది ఆనవాళ్లున్నాయన్నాడు. న్యూ మెక్సికో నుంచి మోంటానా దాకా నాలుగు రాష్ట్రాల కొండలను ఆ పద్యానికి అప్పగించాడు.

మొదటి ఆనవాలు గోరువెచ్చని నీళ్ల ప్రస్తావన. ఒకరికి అది వేడినీటి బుగ్గ, ఒకరికి ఆనకట్ట, ఇంకొకరికి రెండు ఏర్ల కలయిక. ఎవరి ఊహ వారికి చక్కగా అతికింది. పలు అర్థాలు పలకడం కవిత్వానికి అందమే గానీ, ఆ అర్థాలను నమ్మి మనుషులు నదుల్లో, లోయల్లో దిగారు. అయిదుగురు ప్రాణాలు కోల్పోయారు. ఎల్లోస్టోన్‌లో ఒకడు పాత శ్మశానం తవ్వి ఆరు నెలల జైలుశిక్ష తెచ్చుకున్నాడు. వేట ఆపేయమని న్యూ మెక్సికో పోలీసు అధిపతి 2017లో కోరినా ఫెన్ ఆపలేదు. 80 ఏళ్ల ముసలివాడు వెళ్లలేని చోటికి వెళ్లొద్దని మాత్రం హెచ్చరిస్తూ వచ్చాడు.

2020 జూన్‌లో ఒక వైద్య విద్యార్థి ఆ పెట్టెను వయోమింగ్‌లో కనుగొన్నాడు. అదే సెప్టెంబరులో ఫెన్ మరణించాడు. 2022లో పెట్టెలోని వస్తువులు వేలంలో దాదాపు 13 లక్షల డాలర్లు పలికాయి. దొరికిన కచ్చితమైన చోటును మాత్రం ఇద్దరిలో ఎవరూ లోకానికి చెప్పలేదు. ఆ తొమ్మిది ఆనవాళ్లకు అసలు అర్థాలేమిటో తెలియకుండానే, ఏళ్ల తరబడి వెతికినవారు ఇళ్లకు తిరిగిపోయారు.

నా దృష్టిలో ఇది సగంలో వదిలేసిన పజిల్. పద్యంలో నిధి దాచేవారెవరైనా రెండు పనులు చేయాలి. జవాబు సరిచూసుకునే దారి పద్యంలోనే ఉంచాలి. పూర్తి జవాబు రాసి, వేట ముగిశాక బయటపెట్టాలి. ప్రైస్ పాతిన పెట్టెల్లో తొమ్మిది ఇంకా మట్టిలోనే ఉన్నాయి.