టైరు మారితే మీటరు లెక్క ఎందుకు తప్పుతుంది?

లారీ మైలేజీ ఉన్నట్టుండి తగ్గితే యజమాని అనుమానం ముందుగా డ్రైవరు మీదికి పోతుంది. దారిలో డీజిలు అమ్ముకున్నాడనో, అనవసరంగా ఇంజిను ఆన్‌లో ఉంచాడనో అంటారు. ఇంజిను పాడైందేమోనని మెకానిక్‌నూ పిలుస్తారు. కిందటి నెలలో మార్చిన టైర్ల సైజు మాత్రం చాలాసార్లు ఎవరికీ గుర్తుకు రాదు. తప్పు అక్కడే ఉండవచ్చు. టైరు సైజు మారితే స్పీడోమీటరు, ఓడోమీటరు, స్పీడ్ గవర్నరు మూడూ పాత టైరు లెక్కతోనే పనిచేస్తూ పోతాయి. వాటికి కొత్త లెక్క చెప్పడాన్నే రీక్యాలిబ్రేషన్ అంటారు.

మీటరుకు రోడ్డు కనిపించదు

లారీ ఎంత దూరం నడిచిందో మీటరు నేరుగా కొలవదు. గేర్‌బాక్సు వెనక షాఫ్టు ఎన్నిసార్లు తిరిగిందో లెక్కిస్తుంది. అన్ని తిరుగుళ్ళకు చక్రం ఇంత దూరం వెళ్ళి ఉంటుందని ముందే ఇచ్చిన ఒక సంఖ్యతో హెచ్చవేస్తుంది. ఆ సంఖ్యలో రెండు సంగతులు ఇమిడి ఉంటాయి: వెనక యాక్సిల్‌లోని పళ్ళ నిష్పత్తి, టైరు చుట్టుకొలత. వీటిలో ఏది మారినా మీటరు తప్పు చెబుతుంది. పెద్ద టైరు ఒక్క చుట్టుకు ఎక్కువ దూరం వెళుతుంది. మీటరుకు ఆ సంగతి తెలియదు కాబట్టి వేగాన్నీ దూరాన్నీ తక్కువ చేసి చూపిస్తుంది. చిన్న టైరు వేస్తే దీనికి తలకిందులుగా జరుగుతుంది.

ఈ సంఖ్యను లారీలో మొదట పెట్టేది కర్మాగారంలోనే. దేశంలో భారీ లారీలకు పుట్టిల్లనదగ్గ ఊరు జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్. 1945లో టెల్కో పేరుతో రైలింజిన్ల తయారీకి మొదలైన సంస్థ, 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్‌తో కలిసి ఇక్కడ లారీల తయారీ చేపట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిశాక లారీలు టాటా ముద్రతోనే వచ్చాయి. 2003లో సంస్థ పేరు టాటా మోటార్స్‌గా మారింది. అదే ఊళ్ళో టాటా కమిన్స్ ఇంజిన్లు తయారవుతాయి. పక్కనే ఉన్న ఆదిత్యపూర్ పారిశ్రామికవాడలో విడిభాగాలు తయారవుతాయి. బాడీ కట్టని కొత్త ఛాసిస్‌లను కాన్వాయ్ డ్రైవర్లు ఇక్కడి నుంచి వందల కిలోమీటర్లు నడుపుకుంటూ దేశంలోని డీలర్ల దగ్గరకు చేరుస్తారు. అలా బయలుదేరేటప్పుడు లారీలో ఉండే సంఖ్య కర్మాగారం బిగించిన టైర్లకు సరిపోతుంది. ఆ తర్వాత ఆదిత్యపూర్‌లోనో విజయవాడ ఆటోనగర్‌లోనో వేరే సైజు టైరు ఎక్కిస్తే సంఖ్యను మార్చే బాధ్యత యజమానిదే.

టైరు మీది అంకెల అర్థం

ట్యూబ్‌లెస్ లారీ టైరు పక్కగోడ మీద 295/80 ఆర్ 22.5 అని ఉందనుకుందాం. 295 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. పక్కగోడ ఎత్తు అందులో 80 శాతం, అంటే 236 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్. 22.5 రిమ్ వ్యాసం, అంగుళాల్లో. అది 571.5 మిల్లీమీటర్లతో సమానం. రిమ్‌కు రెండు వైపులా పక్కగోడ ఎత్తు కలిపితే టైరు వ్యాసం 1,043.5 మిల్లీమీటర్లు అవుతుంది.

దీని బదులు 315/80 ఆర్ 22.5 వేస్తే పక్కగోడ 252 మిల్లీమీటర్లు, వ్యాసం 1,075.5 మిల్లీమీటర్లు. బరువు కింద టైరు కాస్త నొక్కుకుపోతుంది కాబట్టి అది నిజంగా దొర్లే దూరం వ్యాసాన్ని 3.14తో హెచ్చవేస్తే వచ్చేదానికన్నా కొంచెం తక్కువ. రేడియల్ టైర్లకు 3.05తో హెచ్చవేయడం పరిశ్రమలో వాడుక. ఆ లెక్కన మొదటి టైరు ఒక్క చుట్టుకు 3,183 మిల్లీమీటర్లు, రెండోది 3,280 మిల్లీమీటర్లు దొర్లుతుంది. కిలోమీటరుకు మొదటిది సుమారు 314 చుట్లు తిరిగితే రెండోది 305 చుట్లు తిరుగుతుంది. తేడా 3 శాతం పైచిలుకు. ట్యూబు టైర్లలో 10.00 ఆర్ 20 తీసి 11.00 ఆర్ 20 వేసినా తేడా దాదాపు ఇంతే.

74 లీటర్ల అనుమానం

3 శాతమేగా అనిపించవచ్చు. నెలకు 10,000 కిలోమీటర్లు తిరిగే లారీని తీసుకుందాం. నిజమైన మైలేజీ లీటరుకు 4 కిలోమీటర్లయితే నెలకు 2,500 లీటర్ల డీజిలు కాలుతుంది. పెద్ద టైర్లు వేసి మీటరు సరిచేయకపోతే ఓడోమీటరు 9,704 కిలోమీటర్ల దగ్గరే ఆగుతుంది. యజమాని దాన్ని 4తో భాగిస్తే 2,426 లీటర్లు చాలాలి. మిగతా 74 లీటర్లు ఏమయ్యాయని అడుగుతాడు. లీటరు 90 రూపాయలని వేసుకున్నా అది 6,660 రూపాయలు. మైలేజీ చూస్తే 4 నుంచి 3.88కి పడిపోయినట్టు కనిపిస్తుంది. నిజానికి ఒక్క లీటరు కూడా ఎక్కడికీ పోలేదు. తప్పిపోయింది కిలోమీటర్లు. పెద్ద టైరు వల్ల ఇంజిను మీద పడే భారం మారి అసలు మైలేజీలోనూ కొంత తేడా రావచ్చు. అయితే మీటరు సరిచేయకుండా ఆ తేడా ఎంతో తేల్చడం కుదరదు.

కిలోమీటరుకు ఇంతని కిరాయి మాట్లాడుకున్నచోట నష్టం యజమానికి తగులుతుంది. ఇన్ని కిలోమీటర్లకు ఆయిలు మార్చాలి, ఇన్ని కిలోమీటర్ల వరకు వారంటీ అనే లెక్కలు కూడా ఇదే ఓడోమీటరు మీద ఆధారపడతాయి.

ముల్లు దాచే తప్పు

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. స్పీడోమీటరు ముల్లును తయారీదారులు కావాలనే కాస్త ఎక్కువ చూపేలా అమరుస్తారు. ఐక్యరాజ్యసమితి 39వ నంబరు వాహన నిబంధన ప్రకారం మీటరు నిజమైన వేగం కన్నా ఎప్పుడూ తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం నిజ వేగంలో పదో వంతుకు మరో 4 కిలోమీటర్లు కలిపినంత వరకు వెసులుబాటు ఉంది. అందువల్ల కర్మాగారం టైర్లతో మీటరు 60 చూపుతుంటే ఫోన్‌లోని జీపీఎస్ 57 అని చెప్పవచ్చు. పెద్ద టైర్లు వేశాక అదే 60 దగ్గర జీపీఎస్ 59 చూపితే, టైరు మార్చాక మీటరు ఇంకా బాగా పనిచేస్తోందని డ్రైవరు సంతోషిస్తాడు. ముల్లుకు ఉన్న వెసులుబాటు ఓడోమీటరుకు లేదు. అది దూరాన్ని తక్కువగా లెక్కిస్తూనే ఉంటుంది. అందుకే టైరు మార్చిన తర్వాత పరీక్షించాల్సింది ముఖ్యంగా దూరాన్ని.

స్పీడ్ గవర్నరు సంగతీ ఇంతే. కేంద్ర మోటారు వాహన నియమాల్లోని 118వ నియమానికి 2015లో చేసిన సవరణతో సరుకు రవాణా వాహనాలకు గవర్నరు తప్పనిసరైంది. గరిష్ఠ వేగం గంటకు 80 కిలోమీటర్లు. ట్యాంకర్లకు, డంపర్లకు 60. గవర్నరు కూడా వేగాన్ని అదే సెన్సరు నుంచి తెలుసుకుంటుంది కాబట్టి, 80కి బిగించిన లారీ పెద్ద టైర్లతో నిజానికి 82.4 వరకు వెళుతుంది. వేగం 3 శాతం పెరిగితే బ్రేకులు మింగాల్సిన శక్తి 6 శాతం పెరుగుతుంది. నిండు లోడుతో చాండిల్ వైపు వాలు దిగే లారీకి ఇది చిన్న తేడా కాదు. భారీ వాహనం వేగం మీరితే 2019 సవరణ ప్రకారం జరిమానా 2,000 నుంచి 4,000 రూపాయలు. రోడ్డు పక్క రాడార్ తుపాకీకి లారీ టైరు సైజుతో పని లేదు.

సరిచేసే పద్ధతులు

పాత లారీల్లో గేర్‌బాక్సు నుంచి మీటరు దాకా తిరిగే కేబులు ఉంటుంది. దాని కొసన ఉన్న అయస్కాంతం తిరుగుతూ ఒక అల్యూమినియం గిన్నెను తనతోపాటు లాగుతుంది. సన్నని స్ప్రింగు ఆ గిన్నెను వెనక్కి పట్టి ఉంచుతుంది. ఈ రెండింటి మధ్య ముల్లు నిలిచే చోటే వేగం. బెర్లిన్‌లో ఓటో షుల్జే 1902లో పేటెంటు పొందిన పద్ధతి ఇదే. ఇలాంటి మీటరులో స్ప్రింగును సవరిస్తే ముల్లు మాత్రమే మారుతుంది, ఓడోమీటరు మారదు. రెండూ సరిపోవాలంటే గేర్‌బాక్సు దగ్గర కేబులును తిప్పే చిన్న గేరును వేరే పళ్ళ సంఖ్య ఉన్నదానితో మార్చాలి, లేదా కేబులు మధ్యలో నిష్పత్తి మార్చే చిన్న గేరు పెట్టె బిగించాలి.

ఇప్పటి లారీల్లో కేబులు లేదు. షాఫ్టు దగ్గరి సెన్సరు పల్సులు పంపుతుంది. కిలోమీటరుకు ఎన్ని పల్సులో ఇంజిను కంప్యూటరులోనో మీటరులోనో రాసి ఉంటుంది. కొత్త సంఖ్య కావాలంటే పాత సంఖ్యను పాత టైరు చుట్టుకొలతతో హెచ్చవేసి, కొత్త టైరు చుట్టుకొలతతో భాగించాలి. పాత సంఖ్య 8,000 అనుకుంటే, పైన చెప్పిన రెండు టైర్లకు 8,000 × 3,183 ÷ 3,280, అంటే సుమారు 7,763. కొన్ని వాహనాల్లో పల్సులకు బదులు టైరు కిలోమీటరుకు ఎన్ని చుట్లు తిరుగుతుందో ఇవ్వాలి. ఈ మార్పు అధీకృత సర్వీసు కేంద్రంలోని డయాగ్నొస్టిక్ సాఫ్ట్‌వేర్‌తో చేస్తారు. కమిన్స్ ఇంజిన్లకు ఆ సాఫ్ట్‌వేర్ పేరు ఇన్‌సైట్. గవర్నరు విడి పరికరమైతే దానికీ విడిగా కొత్త సంఖ్య ఇవ్వాలి. దానికి సీలు ఉంటుంది కాబట్టి ఆ పని అధీకృత ఫిట్టరే చేయాలి.

రోడ్డు మీద సరిచూసుకోవడం

పనయ్యాక జాతీయ రహదారి మీద కిలోమీటరు రాళ్ళతో సరిచూడవచ్చు. జంషెడ్‌పూర్ వాళ్ళకు రాంచీ వైపు వెళ్ళే దారి అందుకు పనికొస్తుంది. టైర్లలో గాలి నిర్ణీత ఒత్తిడిలో ఉంచి, ఒక రాయి దగ్గర ట్రిప్ మీటరు సున్నా చేసి, 20 రాళ్ళు దాటాక చూడాలి. 20.0 చూపితే సరిగ్గా ఉన్నట్టు. 19.4 చూపితే పాత సంఖ్య ఇంకా మారలేదని అర్థం. బైపాసులు వేసినచోట రాళ్ళ వరస తప్పి ఉండవచ్చు కాబట్టి జీపీఎస్ దూరంతో కూడా పోల్చుకోవాలి.

టైరు అరుగుదలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొత్త టైరు మీద 16 మిల్లీమీటర్ల గాడి ఉండి, 3 మిల్లీమీటర్లు మిగిలినప్పుడు తీసేస్తే వ్యాసం 26 మిల్లీమీటర్లు తగ్గుతుంది. అది దాదాపు 2.5 శాతం. రేడియల్ టైరులోని ఉక్కు బెల్టు సాగదు కాబట్టి దొర్లే దూరంలో తగ్గుదల దానికన్నా కొంత తక్కువే. అయినా అరిగిన టైర్లతో మీటరు కిలోమీటర్లను ఎక్కువగా చూపి మైలేజీ బాగున్నట్టు భ్రమ కలిగిస్తుంది. కొత్త టైర్లు వేయగానే ఆ భ్రమ పోయి మైలేజీ పడిపోయినట్టు కనిపిస్తుంది. సైజు మారకపోయినా డ్రైవరుకు మాట పడే సందర్భం ఇది. అందుకే రెండు నెలల మైలేజీలను పోల్చే ముందు ఆ రెండు నెలల్లోనూ టైర్లు ఏ స్థితిలో ఉన్నాయో చూడాలి.

టైరు మార్చే ముందే

మీటరు సరిచేయగలిగినంత మాత్రాన ఏ టైరైనా వేయవచ్చని కాదు. మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే చెప్పింది. కాబట్టి ఆ మోడలుకు తయారీ సంస్థ అనుమతించిన సైజుల్లోంచే ఎంచుకోవాలి. రిమ్ వెడల్పు సరిపోవాలి. 8.25 అంగుళాల రిమ్ మీద 315 టైరు ఎక్కించకూడదు. వెనక జంట టైర్ల మధ్య సందు ఉండాలి. ఒకే యాక్సిల్ మీద రెండు సైజులు కలపకూడదు. ముందు చక్రాల సైజు ఒకటి, వెనక చక్రాల సైజు మరొకటి అయితే చక్రాల వేగాలను పోల్చి చూసే ఏబీఎస్ తప్పు సంకేతం ఇవ్వవచ్చు.

చివరగా చేయాల్సిన పని కాగితం మీద ఉంది. టైరు మార్చిన తేదీ, అప్పటి ఓడోమీటరు రీడింగు, పాత సైజు, కొత్త సైజు, పాత సంఖ్య, కొత్త సంఖ్య జాబ్ కార్డులో రాయించుకోవాలి. లారీ అమ్మేటప్పుడు కిలోమీటర్లు తగ్గించారన్న అనుమానం రాకుండా ఆ కాగితం కాపాడుతుంది. నెలాఖరున మైలేజీ లెక్క తేడా వచ్చినప్పుడు డ్రైవరు చూపించగలిగే సాక్ష్యం కూడా అదే.