మా ఇంటి సినిమా లిస్టులో నాలుగు తప్పులు

ఈ రోజు ఎపిసోడ్ మా ఇంట్లో ఉన్న రెండు ట్రంకు పెట్టెల గురించి.

మాది కొల్లాపూర్. మా పెద్దనాయన ఒకప్పుడు వీడియో క్యాసెట్లు, ఆ తర్వాత సీడీలు కిరాయికి ఇచ్చే చిన్న షాపు నడిపేవారు. షాపు మూతపడ్డాక మిగిలిన డిస్కులు, ఇంట్లోవాళ్లు తీసుకున్న వీడియోలు అన్నీ ఆ పెట్టెల్లోకి చేరాయి. వాటికి మేం పిల్లలందరం కలిసి ఒక ఆన్‌లైన్ షీట్ తయారు చేశాం. సినిమా పేరు, సంవత్సరం, నటులు, ఊరు, వివరాలు. ఎవరి ఫోన్లో వాళ్లు నింపొచ్చు, ఎవరైనా మార్చొచ్చు. తప్పులు కూడా అట్లనే వచ్చాయి. అందులో పెద్ద తప్పు చేసింది నేనే.

ఒక డిస్కు మీద ‘భక్త ప్రహ్లాద’ అని ఉంది. నేను పేరు సెర్చ్ చేసి, పైన కనిపించింది కాపీ కొట్టి పెట్టేశా: తొలి తెలుగు టాకీ, విడుదల 15 సెప్టెంబర్ 1931, నటి సురభి కమలాబాయి. రెండు రోజులకి హైదరాబాద్‌లో ఉండే మా అక్క ఫోన్ చేసింది. “అరేయ్, డిస్కు పెట్టి చూసినవా? అది కలర్ సినిమా!”

చూస్తే నిజమే. అందులో ప్రహ్లాదుడు రోజారమణి. హిరణ్యకశిపుడు ఎస్.వి. రంగారావు. నారదుడు మంగళంపల్లి బాలమురళీకృష్ణ. అంటే ఏవీఎం వాళ్లు 1967లో తీసిన సినిమా. మన తెలుగులో మొత్తం రంగుల్లో తీసిన మొదటి సినిమా ‘లవకుశ’ వచ్చిందే 1963లో. 1931లో కలర్ తెలుగు సినిమా ఎక్కడిది? పైగా ఆ తొలి ‘భక్త ప్రహ్లాద’ ప్రింటు ఈ రోజు దొరకదు. దొరకని సినిమాని నేను మా ట్రంకు పెట్టెలో పెట్టేశానన్నమాట. ఇది మొదటి తప్పు.

సరే, 1967 అని దిద్దాను. పాత ఎంట్రీ పోనీయొద్దని, “ఇదే కథతో తొలి టాకీ 15 సెప్టెంబర్ 1931న వచ్చింది” అని పక్కన రాసుకున్నా. అదీ తప్పే!

ఇక్కడ కొంచెం ఆగి వినండి. హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో బొంబాయిలోని ఇంపీరియల్ కంపెనీ తీసిన ఆ సినిమా 1931 సెప్టెంబర్ 15న విడుదలైందని ఏళ్ల తరబడి పుస్తకాల్లో, పేపర్లలో రాస్తూ వచ్చారు. ఒకర్ని చూసి ఒకరు. రెంటాల జయదేవ అనే సినిమా జర్నలిస్టు ఆ నాటి రికార్డులు, పేపర్లు వెతికారు. తేలిందేంటంటే, ఆ సినిమా బొంబాయిలో సెన్సార్ అయ్యింది 1932 జనవరి 22న. విడుదలైంది 1932 ఫిబ్రవరి 6న, బొంబాయి కృష్ణా సినిమా థియేటర్లో.

ఇందులో లాజిక్ చాలా సింపుల్. 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం సర్టిఫికెట్ లేకుండా సినిమా ఆడించకూడదు. జనవరిలో సర్టిఫికెట్ వచ్చిన సినిమా అంతకు ముందు సెప్టెంబర్‌లో ఎలా ఆడుతుంది? వంద చోట్ల రాసినా ఆడదు.

“దాదాపు అయిదు నెలల తేడానే కదా, ఏమైతది?” అంటారేమో. వరుస మారిపోతుంది. అదే హెచ్.ఎం. రెడ్డి తీసిన ‘కాళిదాస్’ 1931 అక్టోబర్ 31న విడుదలైంది. అందులో తమిళంతో పాటు తెలుగు మాటలు కూడా ఉన్నాయి. పాత తేదీ నమ్మితే ‘ప్రహ్లాద’ ముందు, ‘కాళిదాస్’ తర్వాత. కాగితం చూస్తే ‘కాళిదాస్’ ముందు. తెలుగు మాట తెర మీద ముందుగా వినిపించింది అందులోనే. మొత్తం తెలుగులో వచ్చిన మొదటి టాకీ మాత్రం ‘భక్త ప్రహ్లాద’. ఒక తేదీ దిద్దితే చరిత్రే కొంచెం జరిగి కూర్చుంది.

ఇక మూడో తప్పు. ఇది దిద్దడం కష్టమైంది. ఎందుకంటే రాసింది పెద్దనాయన. సురభి కమలాబాయి పేరు పక్కన ఆయన చెబితే మా తమ్ముడు టైప్ చేశాడు: “మన కొల్లాపూర్ సురభి రాజుల వంశం.” కొల్లాపూర్‌ని ఏలింది సురభి వంశం, ఆమె పేరులోనూ సురభి ఉంది, కాబట్టి మన మనిషే అని ఆయన లెక్క. షాపుకి వచ్చినవాళ్లందరికీ ఎన్నో ఏళ్లు ఈ మాటే చెప్పారు.

కానీ ఆమె సురభి వేరు. కడప జిల్లాలో సురభి అనే ఊరుంది. 1885లో వనారస గోవిందరావు అక్కడ నాటక సమాజం మొదలుపెట్టారు. ఊరి పేరే సమాజానికి, అందులోని కళాకారులకు నిలిచిపోయింది. ఆమె ఆ సురభి నుంచి వచ్చింది.

నేను ఫోన్లో చెప్పలేదు. ఊరికి పోయి, పక్కన కూర్చుని చెప్పా. పెద్దనాయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “అయితే మన సురభికి ఏం లేదంటవా?” అన్నారు. ఉంది. మన జటప్రోలు సంస్థానాన్ని ఏలిన సురభి మాధవరాయలు ‘చంద్రికా పరిణయం’ అనే ప్రబంధం రాసిన కవి. రాజే కవి అయిన వంశానికి, వేరేవాళ్ల నటిని తెచ్చి కలుపుకోవాల్సిన అవసరమేముంది? ఆ మాట విన్నాక ఆయనే, “సరే, దిద్దు” అన్నారు.

నాలుగో తప్పు రెండు క్యాసెట్లది. 2004 కృష్ణా పుష్కరాలప్పుడు సోమశిలలో తీసిన వీడియో. అందులో మా నానమ్మ నదిలో మునిగి లేచి, ముఖం తుడుచుకుని, కెమెరా వైపు చూసి నవ్వుతుంది. ఆమె కదులుతూ కనిపించేది మా దగ్గర అదొక్కటే. షీట్‌లో ఊరు ఏముందో తెలుసా? కొల్హాపూర్, మహారాష్ట్ర! కొల్లాపూర్ అని కొడితే ఫోనే మార్చేసింది, ఎవరూ చూసుకోలేదు.

అనుమానం రాదు కూడా. కొల్హాపూర్ పక్కన పారే పంచగంగ కలిసేది కృష్ణలోనే. సినిమాల లిస్టులో ఆ ఊరు చూసి ఎవరూ ఆశ్చర్యపోరు, ఎందుకంటే ప్రభాత్ ఫిల్మ్ కంపెనీ 1929లో పుట్టింది అక్కడే. మరాఠీ తొలి టాకీ ‘అయోధ్యేచా రాజా’ తీసింది వాళ్లే, అదే 1932లో. పెద్ద పేరున్న ఊరు, చిన్న ఊరిని అట్ల మింగేస్తది. రేపు మా ఇంట్లో పుట్టే పిల్ల కొల్లాపూర్ అని వెతికితే, వాళ్ల ముత్తవ్వ దొరకదు.

అది కూడా దిద్దాం. జిల్లా దగ్గర మాత్రం రెండూ ఉంచాం: అప్పుడు మహబూబ్‌నగర్, 2016 అక్టోబర్ నుంచి నాగర్‌కర్నూల్. రాసిన రోజున నిజమైనది తప్పు కాదు కదా.

ఇప్పుడు మా షీట్‌లో రెండు కొత్త కాలమ్స్ ఉన్నాయి. ఒకటి, ‘ఎట్ల తెలుసు?’ రెండోది, ‘ముందు ఏం రాశాం?’ తప్పుని చెరిపేయం, పక్కన పెడతాం. ఎందుకు నమ్మామో మళ్లీ గుర్తుండాలి.

నాకు అర్థమైంది ఇదీ. కొల్హాపూర్ నుంచి మా నానమ్మని వెనక్కి తెచ్చుకున్నప్పుడు చాలా సంతోషమేసింది. కడప వాళ్ల కమలాబాయిని వాళ్లకి తిరిగి ఇచ్చేటప్పుడు మనసు కొంచెం గుంజింది. రెండూ ఒకే పని. మొదటిది ఒక్కటే చేస్తే దాన్ని చరిత్ర అనరు, మనవాళ్ల మీద ప్రేమ అంటారు.

మీ ఇంట్లో కూడా పాత క్యాసెట్లు, సీడీలు ఉంటాయి. ఈ వారం ఒక్కటి తీయండి. పైన రాసింది చదివి ఆగకుండా, పెట్టి చూడండి. పేరు, ఊరు, సంవత్సరం చెప్పగలిగిన పెద్దవాళ్లు ఇంకా ఉన్నప్పుడే అడిగి రాసుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటా మరి.