బ్రయ్యర్ : పోషకురాలి చాటున నవలాకర్త్రి

కృష్ణదేవరాయలు మనుచరిత్రమునకు కృతిభర్త, ఆముక్తమాల్యదకు కర్త. ఒక కీర్తి రెండవదానిని మఱుగుపఱుపలేదు. ఆంగ్ల నవలాకర్త్రి బ్రయ్యర్ (1894–1983) విషయమున ఇట్టి న్యాయము జరుగలేదని మా అభిప్రాయము. సాహిత్యచరిత్రములలో ఆమె పేరు తఱచుగా ఇతరుల జీవితములు చెప్పునపుడు, ధనమిచ్చిన వ్యక్తిగా మాత్రమే వచ్చును.

ఆమె అసలు పేరు అనీ వినిఫ్రెడ్ ఎల్లర్మన్. తండ్రి సర్ జాన్ ఎల్లర్మన్ నౌకాసంస్థల యధిపతి. 1933లో మరణించునాటికి ఇంగ్లండున ఆయనను మించిన ధనికుడు లేడని ప్రతీతి. ఆ పేరి నీడ తన గ్రంథములపై పడకుండ ఆమె సిల్లీ దీవులలో ఒకదాని పేరు గ్రహించెను. కవయిత్రి హెచ్.డి.తో 1918లో కలిగిన స్నేహము 1961లో ఆ కవయిత్రి మరణించువఱకు నిలిచినది. 1921లో రాబర్ట్ మెకాల్మన్‌ను వివాహమాడుట ఇంటి కట్టుబాటునుండి విడివడుటకే. అతడు ఎల్లర్మన్ ధనముతో పారిస్‌లో నెలకొల్పిన ప్రచురణసంస్థ 1923లో హెమింగ్వే తొలి గ్రంథమును, 1925లో గెర్ట్రూడ్ స్టైన్ బృహద్గ్రంథము 'ది మేకింగ్ ఆఫ్ అమెరికన్స్'ను వెలువరించెను. సిల్వియా బీచ్ పుస్తకశాలకును, జేమ్స్ జాయిస్‌కును ఆమె సాయమందినది. 1927–1933 నడుమ వెలువడిన చలనచిత్ర పత్రిక 'క్లోజ్ అప్' సైతము ఆమె ధనముతో నడచినదే. ఇంతవఱకు చరిత్రకారులు చెప్పుచునే యున్నారు.

1933 జూన్‌లో ఆ పత్రికయందే ఆమె నాజీల దౌర్జన్యమును గూర్చి, రానున్న యుద్ధమును గూర్చి పాఠకులను హెచ్చరించెను. 1940లో స్వదేశమునకు మరలువఱకు స్విట్జర్లాండులోని తన గృహము ఆధారముగా నూర్గురకు పైగా కాందిశీకులను తప్పించెను. వారిలో యూదులు, మనోవిశ్లేషణ శాస్త్రజ్ఞులు పెక్కుమంది. ఆమెవలన ధనసాయము పొందిన విమర్శకుడు వాల్టర్ బెంజమిన్ మాత్రము 1940లో స్పెయిన్ సరిహద్దున ప్రాణము తీసికొనెను.

ఇది యెఱుగనివారికి ఆమె చారిత్రక నవలలు వట్టి సాహసకథలుగా తోచవచ్చును. ఏబదియేండ్లు దాటిన పిమ్మట వ్రాసిన యీ నవలలలో విజేతలకు పెద్దపీట లేదు. 'ది ఫోర్టీన్త్ ఆఫ్ అక్టోబర్' (1952) హేస్టింగ్స్ యుద్ధమును ఓడిన సాక్సనుల వైపునుండి చూచును. 'రోమన్ వాల్' (1954)లో అలమన్నుల దాడికి లోనగుచున్న రోమను సరిహద్దు జనులు, 'గేట్ టు ది సీ' (1958)లో పరుల వశమైన పోసిడోనియా నగరపు గ్రీకులు కనబడుదురు. 'ది కాయిన్ ఆఫ్ కార్తేజ్' (1963) హానిబాల్ యుద్ధకాలమున నడచినను అందు సేనానులకన్న వర్తకులే ముఖ్యులు. ఎవరు మూటగట్టుకొని పోవలెను, ఎవరు నిలిచిపోవలెను అనునదియే ఆమె ప్రశ్న. సంభాషణలు ఒక్కొక్కచో బిగువు తప్పును. అయినను గుమ్మమువద్ద తటపటాయించు మనుష్యుని చిత్రించుటలో ఆమె చేయి తిరిగినది. అట్టివారిని ఆమె కన్నులార చూచినది.

లండనుపై బాంబులు కురిసిన దినములలో ఒక తేనీటి అంగడిని చిత్రించిన 'బేవుల్ఫ్' మొదట 1948లో ఫ్రెంచి అనువాదముగా వెలువడినది; ఆంగ్లమూలము 1956 వఱకు అచ్చుకాలేదు. ఎందఱి గ్రంథములకో అచ్చుకూలి చెల్లించిన రచయిత్రికి ఇట్లు జరుగుట గమనింపదగినది.

1965 నాటి 'వీసా ఫర్ అవలాన్'లో దేశమునకు పేరు లేదు. పాత్రలు ఆ దేశము విడిచిపోవుటకు అనుమతిపత్రమునకై తిరుగుచుందురు.