ధాన్యమున మిగిలిన మందు – దాని కొలత

జగిత్యాల పొలములలో పండిన వరియు, కోరుట్ల చేలలో త్రవ్విన పసుపును సిరిసిల్ల నేతగాని వంటయింటికి చేరునప్పటికి, పంటపై చల్లిన పురుగుమందు లేశమాత్రముగ మిగిలియుండవచ్చును. ఆ లేశము ఎంతవరకు హానిలేనిది? కంటికి కనబడని ఈ వస్తువును కొలుచు విధానమునకు కొంత చరిత్ర కలదు.

పురుగుమందు ప్రమాదమెట్టిదో మనదేశము 1958లో చూచినది. ఒక ఓడలో ఆహారపదార్థములతోపాటు పారాథియాన్ అను మందును తెచ్చుటచే అది కారి గోధుమపిండిలో కలిసినది. కేరళ, మద్రాసు రాష్ట్రములలో వందమందికి పైగా మరణించిరి. జస్టిస్ జె. సి. షా దీనిపై విచారణ జరిపెను. పిదప 1968లో క్రిమిసంహారక మందుల చట్టము వచ్చినది. అయితే అది ఒక్కనాడే ప్రాణము తీసిన విషము. ప్రతిదినము తిను అన్నములో రవంత చొప్పున చేరునది వేరొక ప్రశ్న. దానిని తేల్చుటకు వేరొక పద్ధతి కావలసివచ్చినది.

ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థకు, ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన నిపుణులు 1961లో రోము నగరమున కలిసి కూర్చుండిరి. 1963లో జెనీవాలో ఒక్కొక్క మందును వేరువేరుగ పరీక్షించుట మొదలిడిరి. నాటినుండి ఈ ఉమ్మడి సమావేశములు సాగుచునే యున్నవి. ఇందు పాల్గొను శాస్త్రజ్ఞులు ప్రభుత్వముల ప్రతినిధులు కారు. తమ పాండిత్యమును బట్టి వచ్చినవారు. వారిలో రెండు తెగలు. ఒక తెగ దేహమును గూర్చి విచారించును. మరియొక తెగ పొలమును గూర్చి విచారించును.

మొదటి తెగవారు జంతువులకు దీర్ఘకాలము మందు పెట్టిన ప్రయోగములను పరిశీలించి, ఏ మోతాదువరకు హాని కనబడలేదో నిర్ణయింతురు. ఆ మోతాదును సాధారణముగ నూటితో భాగింతురు. జంతువుకంటె మనిషి సున్నితుడు కావచ్చునని ఒక పది, మనుష్యులలో కొందరు మరింత సున్నితులు కావచ్చునని మరియొక పది. ఈ నూరును 1954లో అమెరికా శాస్త్రజ్ఞులు లేమన్, ఫిట్జ్‌హ్యూలు సూచించిరి. ఇట్లు వచ్చినదే, జీవితాంతము ప్రతిదినము తినినను హాని కలుగదని భావింపబడు మోతాదు. ఉదాహరణకు క్లోరోపైరిఫాస్ అను మందునకు 1999లో వారు శరీరపు బరువు కిలోకు 0.01 మిల్లిగ్రామని నిర్ణయించిరి.

రెండవ తెగవారి ప్రశ్న వేరు. రైతు చీటీపై వ్రాసినట్లే మందు చల్లి, కోతకు ముందు ఆగవలసిన దినములు ఆగినచో, గింజలో ఎంత మిగులును? క్షేత్రపరీక్షలనుబట్టి దీనిని లెక్కించి గరిష్ఠపరిమితిని సూచింతురు. కావున ఈ పరిమితి అమృతమునకు విషమునకు నడుమ గీసిన గీత కాదు. సేద్యము సక్రమముగ జరిగినదా యని చూపు గుర్తు. అది దేహమునకు సమ్మతమా యని తెలియుటకు రెండు లెక్కలను ఒకచోట చేర్చవలెను. చేర్చునది మన పళ్లెము.

అన్నమునే తీసికొందము. బియ్యములో కిలోకు అర మిల్లిగ్రాము క్లోరోపైరిఫాస్ ఉన్నదనుకొందము. ఏబది కిలోల మనిషి దినమునకు అరకిలో బియ్యము తినినచో పాతిక వంతు మిల్లిగ్రాము, అనగా 0.25 మిల్లిగ్రాము, లోనికి పోవును. అతనికి అనుమతింపదగినది 0.5 మిల్లిగ్రాము, అందులో ఇది సగము. పదునైదు కిలోల బిడ్డ రెండువందల గ్రాములు తినినచో 0.1 మిల్లిగ్రాము చేరును. బిడ్డకు అనుమతింపదగినది 0.15 మాత్రమే; మూడింట రెండువంతులు అన్నముతోనే తీరిపోవును. అదే మందు అంతే పాళ్లలో పసుపునందున్నను, దినమునకు రెండు గ్రాముల పసుపుతో వచ్చునది 0.001 మిల్లిగ్రామే. చిటికెడు తినుదానికిని, కంచము నిండ తినుదానికిని ఒకే భయము తగదు.

అందుచే ఎవరెంత తినుచున్నారో తెలియనిదే ఈ లెక్క పూర్తి కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ దేశముల ఆహారపుటలవాట్లను పదునేడు సముదాయములుగ విభజించినది. మనవైపు ఈ కృషి చేసినది జాతీయ పోషకాహార సంస్థ. 1918లో కూనూరులో పుట్టి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చిన ఈ సంస్థ, 1972లో ఏర్పడిన పర్యవేక్షణ విభాగము ద్వారా తెలుగు పల్లెలలో సైతము ప్రజల తిండిని దశాబ్దములపాటు లెక్కించినది.

నిపుణుల అంకె శాశ్వతము కాదు. ఆ క్లోరోపైరిఫాస్‌నకే, పసిబిడ్డల మెదడుపై ప్రభావమును గూర్చిన సందేహములను, జన్యుహాని సందేహములను ఎత్తి చూపి, హానిలేని మోతాదును నిర్ణయింపజాలమని ఐరోపా నిపుణులు తేల్చిరి. 2020లో ఐరోపా సమాజము దాని అనుమతిని పొడిగింపలేదు. ఒకే మందును గూర్చి ఇరువురు పెద్దలు ఇంత భిన్నముగ పలుకుట చూచి శాస్త్రమునే త్రోసివేయరాదు. క్రొత్త సాక్ష్యము వచ్చినపుడు పాత తీర్పును తిరిగి విచారించుటయే దాని ధర్మము.

జగిత్యాల ప్రక్కనున్న పొలాస పరిశోధనాక్షేత్రము ఈ చిక్కునకు వేరొక దారి చూపినది. వరికి ఉల్లికోడు పురుగు బెడద తట్టుకొను జగిత్యాల సన్నాలు వంటి రకములను అచ్చట రూపొందించిరి. పురుగును తానే తట్టుకొను పైరునకు ఆ పురుగుకై మందు చల్లనక్కరలేదు; చల్లని మందు గింజలో మిగులదు. చల్లక తప్పనిచోట చీటీపై వ్రాసిన మోతాదును, ఆగవలసిన దినములను రైతు పాటించిననాడే, రోములోను జెనీవాలోను వేసిన లెక్క సిరిసిల్ల బిడ్డ కంచమున నిజమగును.