పండగపూట తెరిచిన షట్టర్లు

మూడేళ్ళ క్రితం జనవరి 26న, పొద్దున కాలేజీలో జెండా వందనం అయ్యాక, మధ్యాహ్నం కొండాపూర్‌లో ఒక మాల్‌కి వెళ్ళాను. ఇంట్లో ప్రెషర్ కుక్కర్ పాడయ్యి వారమైంది. రిపబ్లిక్ డే ఆఫర్ ఉందని పేపర్లో చూశాను. చరిత్ర చెప్పే పంతులమ్మని, గణతంత్ర దినోత్సవాన్ని నేను జరుపుకున్న తీరు అదీ. పాత్రల సెక్షన్లో మెడలో ఐడీ కార్డు వేసుకుని నిలబడ్డ అమ్మాయి "నమస్తే మేడం, గుర్తుపట్టిన్రా?" అంది. నాలుగేళ్ళ క్రితం నా బి.ఏ. క్లాసులో వెనక బెంచీలో కూర్చునేది. ఏం మాట్లాడాలో తోచక "ఇవాళ సెలవు కదా, నీకు లేదా?" అన్నాను. తను నవ్వి "సెలవు మీకు మేడం. మాకు సీజన్" అంది.

కుక్కర్ కొనుక్కుని వచ్చేశాను. పది శాతం తగ్గింపు కూడా దొరికింది. కానీ ఆ మాట మాత్రం వదల్లేదు.

మన భాషలో సెలవు అనే మాటే చిత్రమైంది. పెద్దవాళ్ళు మాట్లాడితే "సెలవిచ్చారు" అంటాం. వెళ్ళేటప్పుడు "సెలవు" అంటాం. పని లేని రోజూ సెలవే. మూడు అర్థాల్లోనూ ఇచ్చేవాళ్ళు ఒకరు, పుచ్చుకునేవాళ్ళు ఒకరు. ఆదివారం సెలవు క్యాలెండరుతో పాటే పుట్టిందనుకుంటాం గానీ, అదీ అడిగి, పోరాడి తెచ్చుకున్నదే. 1890లో బొంబాయి మిల్లు కార్మికులు నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో ఏళ్ళ తరబడి అడిగిన మీదట మిల్లు యజమానులు ఆదివారం సెలవుకి ఒప్పుకున్నారు. లోఖండే జోతీరావ్ ఫూలే సహచరుడు, సత్యశోధక్ సమాజ్ మనిషి. ఆ ఏడాది ఏప్రిల్‌లో వేలమంది కార్మికులతో జరిగిన సభలో ఇద్దరు స్త్రీ కార్మికులు కూడా మాట్లాడారని చరిత్రకారులు రాశారు. మాట్లాడిన విషయం మిగిలింది, పేర్లు మిగల్లేదు. మనకిది కొత్త కాదు.

మా హైదరాబాదులో నిజాం కాలంలో వారపు సెలవు శుక్రవారం. రాజ్యం ఇండియన్ యూనియన్‌లో కలిశాక అది ఆదివారానికి మారింది. సెలవు రోజంటే ప్రకృతి ధర్మమేమీ కాదనీ, ఏ రోజు విశ్రాంతి అన్నది ఎవరి చేతిలో అధికారం ఉంటే వాళ్ళు నిర్ణయించేదనీ చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు. దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి ఆంధ్రలో 1947 నాటి మద్రాసు చట్టం, తెలంగాణలో 1951 నాటి హైదరాబాదు చట్టం ఉండేవి. 1966లో రెంటి స్థానంలో ఒకే చట్టం వచ్చింది. దాని తర్వాతది 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం. ఇప్పుడు రెండు రాష్ట్రాల్లోనూ నడుస్తున్నది సవరణలతో అదే. ఇవికాక జాతీయ, పండుగ సెలవుల కోసం 1974లో విడిగా ఒక చట్టం వచ్చింది. ఆ రోజున పని చేయించుకోవాలంటే రెట్టింపు జీతమో, జీతంతో పాటు మరో రోజు సెలవో ఇవ్వాలి.

ఆబిడ్స్‌లో ఆదివారం పాత పుస్తకాలు కొనని రచయిత్రి మనలో ఉందా? ఆ పుస్తకాల సంత ఉన్నది ఆదివారం షాపులు మూసి ఉంటాయి కాబట్టే. షట్టర్లు దించి ఉంటేనే వాటి ముందు ఫుట్‌పాత్ మీద పుస్తకాలు పరుస్తారు. ఒకరి సెలవు ఇంకొకరికి బతుకుతెరువు, నాబోటివాళ్ళకి చదువు. కాబట్టి అందరూ ఒకేరోజు అన్నీ కట్టిపెట్టాలని నేననడం లేదు.

ఇక మాదాపూర్ సంగతి. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ని ప్రారంభించారు. ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు. రాళ్ళగుట్టల మధ్య గుండ్రటి అద్దాల మేడ. ఆ మేడలో పని చేసే వేళలు హైదరాబాదువి కావు. అమెరికాలో పగలు మనకి రాత్రి. నవంబరు నాలుగో గురువారం వాళ్ళకి థాంక్స్ గివింగ్ అయితే మాదాపూర్‌లో టీములకి పని తేలిక. సంక్రాంతి నాడు మాత్రం కాల్‌లో ఉండాలి. ఒక ఊరు వేరే దేశపు క్యాలెండరు ప్రకారం నిద్రపోవడం నేర్చుకుంది.

1988 చట్టం ఇందుకు అడ్డం. ఆ చట్టంలో 23వ సెక్షను ప్రకారం స్త్రీలని ఉదయం 6 గంటలకి ముందు, రాత్రి 8.30 తర్వాత పనిలో ఉంచకూడదు. 31వ సెక్షను సెలవుల గురించి. ఐటీ, ఐటీ ఆధారిత సంస్థలకి ప్రభుత్వం ఇస్తూ, గడువు తీరగానే పొడిగిస్తూ వచ్చిన మినహాయింపు ఉత్తర్వుల్లో ఈ రెండు సెక్షన్లూ పక్కపక్కనే కనబడతాయి: 15, 16, 21, 23, 31. తెరిచే వేళలు, పని గంటలు, చిన్న వయసువాళ్ళ పని, స్త్రీల రాత్రిపని, సెలవులు. షరతులున్నాయి. వారానికి 48 గంటలు మించితే ఓవర్‌టైం ఇవ్వాలి, రాత్రి షిఫ్టు స్త్రీలకి వాహనం, భద్రత ఏర్పాటు చెయ్యాలి, పండగ రోజు పని చేయిస్తే బదులు సెలవివ్వాలి.

ఈ అంకెలు కలిసి రావడం నాకు ముఖ్యమైన విషయం. "స్త్రీలు రాత్రిపూట పని చెయ్యకూడదు" అన్న నిషేధం మనం ఎప్పుడూ ఒప్పుకోనిది. రక్షణ పేరుతో ఆడవాళ్ళని జీతం దగ్గర్నుంచి దూరం పెట్టే మాట అది. ఫ్యాక్టరీల చట్టంలోని అలాంటి నిబంధన చెల్లదని మద్రాసు హైకోర్టు 2000లోనూ, మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2002లోనూ తీర్పులిచ్చాయి. మంచి తీర్పులే. అయితే హైటెక్ సిటీలో స్త్రీలకి రాత్రి తలుపు తెరుచుకున్న కాగితం మీదే సెలవు తలుపు కూడా వదులైంది. స్వేచ్ఛా, సెలవు పోవడమూ ఒకే సంతకంతో వచ్చాయి. మనం మొదటిదాన్ని చూసి సంతోషించాం. రెండోదాన్ని చదవలేదు. నేనైతే చదవలేదు.

వాహనం, భద్రత అన్న షరతు విలువేమిటో 2005 డిసెంబరులో బెంగళూరులో తెలిసింది. రాత్రి షిఫ్టుకి తీసుకెళ్తానని వచ్చిన క్యాబ్ డ్రైవరే ఒక కాల్ సెంటర్ ఉద్యోగినిని చంపేశాడు. 2013 అక్టోబరులో మాదాపూర్‌లోనే, మాల్ దగ్గర క్యాబ్ ఎక్కిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని మీద అత్యాచారం జరిగింది. మరుసటి ఏడాది షీ టీమ్స్ వచ్చాయి. ఈ రెండు ఘటనల తర్వాతా చర్చంతా భద్రత మీదే సాగింది. అది అవసరమే. కానీ ఉద్యోగిని అనగానే మన మనసులో మెదిలింది కంప్యూటరు ముందు కూర్చున్న అమ్మాయే. ఆమె జీతం ఖర్చుపెట్టే చోట నిలబడి ఉన్న అమ్మాయి చర్చలోకి రాలేదు.

ఆమె ఎప్పుడొచ్చింది? 2006 జనవరి 26న బిగ్ బజార్ అన్నిటికంటే చౌక రోజు అంటూ దేశమంతటా అమ్మకం పెట్టింది. జనం తొక్కుకుంటూ వచ్చారు, కొన్నిచోట్ల పోలీసులు రావలసి వచ్చింది. 2022 నాటికి ఆ దుకాణాలు మూతబడ్డాయి, అలవాటు మాత్రం మిగిలింది. గణతంత్ర దినోత్సవమూ స్వాతంత్య్ర దినోత్సవమూ అమ్మకాల పేర్లయిపోయాయి. 2009లో ఇనార్బిట్ మాల్, 2018 ఆగస్టులో దేశంలోనే మొదటి ఐకియా ఈ రోడ్ల మీదే తెరుచుకున్నాయి. సెలవు దొరికినవాళ్ళు షాపింగుకి వెళ్ళేది సెలవు రోజునే కాబట్టి, ఆ రోజు షాపులో ఉండేవాళ్ళకి సెలవు దొరకదు. లెక్క చాలా సులువు.

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం ఏడాదికి 10,000 రూపాయలు కట్టిన దుకాణాలు రోజంతా, ఏడాదంతా తెరిచి ఉంచుకోవచ్చని ఉత్తర్వు ఇచ్చింది. అందులోనూ వారపు సెలవు, ఓవర్‌టైం, రాత్రి పనికి స్త్రీల అంగీకారం, పండగకి బదులు సెలవు అన్నీ రాశారు. 2025 జూలైలో వాణిజ్య సంస్థల్లో రోజుకి పది గంటల పనికి అనుమతి వచ్చింది, వారానికి 48 గంటల పరిమితితో. అదే ఏడాది నవంబరు 21 నుంచి కేంద్రం లేబర్ కోడ్‌లు అమల్లోకి తెచ్చింది. అక్కడా రాత్రిపనికి స్త్రీ అంగీకారం ఉండాలన్నారు. ఉద్యోగం పోతుందని భయపడే మనిషి ఇచ్చే అంగీకారం ఎలాంటిదో మనకి పెళ్ళిళ్ళ విషయంలో బాగా తెలుసు.

ప్రభుత్వానికి మూయించడం చేతకాదనుకోకండి. అక్టోబరు 2న మద్యం దుకాణం ఒక్కటీ తెరవదు. 2025లో దసరా, గాంధీ జయంతి ఒకే రోజున వస్తే ఆ ఊరంతా దాని గురించే మాట్లాడుకుంది. చీరల దుకాణం అమ్మాయి దసరా గురించి అంత చర్చ జరగ్గా నేను వినలేదు.

బదులు సెలవుతో నాకున్న పేచీ ఇది. సద్దుల బతుకమ్మ ఒక సాయంత్రం ఉంటుంది. ఆ సాయంత్రం పోతే దానికి బదులు వచ్చే మంగళవారం ఆడుకోవడానికి కుదరదు. బతుకమ్మ చుట్టూ తిరగడానికి పక్కన ఇంకొక ఆడమనిషి ఉండాలి, ఆమె చేతులూ ఖాళీగా ఉండాలి. మంగళవారం పిల్లలు బడికెళతారు, వాడకట్టు పనికెళుతుంది. విశ్రాంతిని గంటల్లో కొలిచి తిరిగి ఇవ్వొచ్చు, కలిసి ఉండడాన్ని అలా ఇవ్వలేం. 2009లో జర్మనీ రాజ్యాంగ న్యాయస్థానం క్రిస్మస్ ముందరి నాలుగు ఆదివారాలూ బెర్లిన్‌లో దుకాణాలు తెరవడాన్ని కొట్టేసింది. దుకాణదారు లాభమో, కొనేవాళ్ళ సరదాయో అందరి విశ్రాంతిని తీసెయ్యడానికి చాలదంది. మా దగ్గరి మాల్‌లో మాత్రం ఏటా నడిమధ్యలో పెద్ద బతుకమ్మ పెడతారు. కొనడానికి వచ్చినవాళ్ళు చుట్టూ ఆడతారు. పట్టుచీరలు కట్టించిన సేల్స్ గర్ల్స్ కౌంటర్ల వెనక నుంచి చూస్తారు.

ఈ మాటే ఆ అమ్మాయితో అన్నాను, తర్వాత ఒకసారి టీ తాగుతుండగా. తను నాతో ఏకీభవించలేదు. "ఇంటికాడ ఉంటే పొద్దుగాల నాలుగింటికి లేవాలె మేడం. వచ్చినోళ్ళకు వండుడు, పెట్టుడు, గిన్నెలు తోముడు. ఈడ నిలబడుడే గదా. నెలకు జీతమన్న వస్తది" అంది. పండగ సెలవంటే ఆడవాళ్ళకి సెలవు కాదని మనం ఎన్ని వ్యాసాల్లో రాయలేదు! అదే మాట ఆమె నోటి నుంచి మాల్ యజమానికి అనుకూలంగా వినబడేసరికి నాకు జవాబు తోచలేదు. గచ్చిబౌలి అపార్టుమెంట్లలో ఇంటిపని చేసే స్త్రీల సంగతి ఇంకా కష్టం. టీమ్ లీడరుకి సెలవు లేదు కాబట్టి పనమ్మాయికి సెలవు లేదు, ఆమె ఇంట్లో పదేళ్ళ పిల్లకి అంతకంటే లేదు.

అయినా నేనొక పక్షం తీసుకుంటాను. ఆసుపత్రీ, బస్సూ, మందుల షాపూ నడవాలి. కుక్కర్లు ఒకరోజు ఆగుతాయి. ఏడాదిలో కొన్ని రోజులు, జాతీయ దినాలు, ఒకటో రెండో పెద్ద పండగలు, దుకాణాలకి షట్టరు దించాలి. ఎవరి అంగీకారమూ అడగక్కర్లేకుండా, అందరికీ ఒకేసారి. ఇంట్లో పని ఎవరు చెయ్యాలన్న పోట్లాట ఎలాగూ ఉంది. కానీ సెలవే లేకపోతే ఆ పోట్లాట పెట్టుకోవడానికి కూడా మనిషి ఇంట్లో ఉండదు. కేరళలో దుకాణాల్లో పనిచేసే స్త్రీలు కోళికోడ్‌లో పెణ్‌కూట్టు అనే సంఘం పెట్టుకుని కూర్చునే హక్కు అడిగారు. 2018లో ప్రభుత్వం చట్టం సవరించింది. పన్నెండు గంటలు నిలబడ్డవాళ్ళకి ఒక స్టూలు. అడిగినప్పుడు నవ్వినవాళ్ళున్నారు.

పోయిన నెల ఆ అమ్మాయి ఫోన్ చేసింది. ఇప్పుడు వేరే షోరూంలో ఫ్లోర్ ఇన్‌ఛార్జి. రోస్టర్ వేసే పని తనదేనట. పండగ రోజు ఎవరికి ఆఫ్ ఇవ్వాలో తేల్చలేక చీటీలు వేయిస్తోందట. "మీరైతే ఏం చేస్తరు మేడం?" అని అడిగింది. ఎంతమంది ఉన్నారన్నాను. పదకొండు మంది ఆడోళ్ళు, రెండు ఆఫ్‌లు అంది.